చెప్పకుండా చెప్పిన మాట

పలమనేరులో బెంగుళూరు రోడ్డుకు ఆనుకుని ఉన్న ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రిలో జెస్సీ పదకొండేళ్లుగా నర్సు. ఊరు మరీ పెద్దది కాదు. వచ్చే రోగుల్లో సగం మంది ముఖాలు ఆమెకు ముందే తెలిసి ఉంటాయి. అందుకే కూరగాయల అంగట్లోనో, చర్చి మెట్ల దగ్గరో ఎవరో ఒకరు ఆమెను నిలబెట్టి, మా వదిన మీ ఆసుపత్రిలో చేరిందట, ఏం జబ్బట అని అడుగుతూనే ఉంటారు. జెస్సీ నవ్వి, బాగానే ఉంది, పోయి చూసి రండి అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క రాలదు. ఆమెకు పొగరని కొందరు, బెల్లం కొట్టిన రాయని కొందరు అనుకుంటారు.

ఈ గుణం ఆమెకు పుట్టుకతో రాలేదు. ఒక మనిషి కడుపు కొట్టాక వచ్చింది.

అప్పటికామెకు ఇరవై రెండేళ్లు. నర్సింగ్ అయిపోయి తిరుపతిలో మొదటి ఉద్యోగం. పుట్టిల్లు రేణిగుంటలో. వాళ్ల వీధి మొదట్లో తాయమ్మ అనే ఆవిడ ఇడ్లీలు పోసి అమ్మేది. ఆ తాయమ్మ ఒకరోజు తిరుపతిలో ఛాతీ జబ్బుల ఓపీలో వరుసలో కూర్చుని కనిపించింది. టీబీ. మందులు మొదలుపెట్టి మూడు నెలలైంది, ఆమె నుంచి ఎవరికీ అంటే దశ దాటిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తింటూ, పాపం తాయమ్మకు టీబీ అంటమ్మా అని జెస్సీ తల్లితో అంది. జాలితోనే అంది. ఆ తల్లి నోట్లో నువ్వుగింజ నానదు. పది రోజుల్లో తాయమ్మ పొయ్యి ముందు ఒక్క గిన్నె కూడా వరుసలో లేదు. నెల తిరిగేసరికి ఆమె పొయ్యి తీసేసి సూళ్లూరుపేటలో ఉన్న కూతురి దగ్గరికి పోయింది. పోయే ముందు వచ్చి, వీళ్లింటి టిఫిన్ క్యారియరు ఒకటి తన దగ్గర ఉండిపోయిందని తోమి ఇచ్చి పోయింది. ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని జెస్సీకి ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత పెళ్లై పలమనేరు వచ్చింది. భర్త సుకుమార్ ఊరు అదే. అతని ఉద్యోగం మాత్రం రేణిగుంటలో ఒక గోడౌన్‌లో. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కుతాడు. చెల్లెలు జయంతిని కూడా ఈ ఊరికే ఇచ్చారు, రెండు వీధుల అవతల. జెస్సీకి పిల్లలు లేరు. జయంతి కూతురు లోహితే ఆ రెండిళ్లకూ కూతురు. మూడో తరగతి చదువుతుంది, గిరి తోలే స్కూలు బండిలో పోయి వస్తుంది.

ఆ గిరినే ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటోలో వేసుకుని తెచ్చారు.

అప్పుడే సుకుమార్‌ను బస్సెక్కించి జెస్సీ డ్యూటీలోకి వచ్చింది. ఆటో తోలే రూపేష్, గిరి భార్య కోమలి చెరో పక్క పట్టుకుని మనిషిని దించారు. నాలుక కొరుక్కుని పెదవుల మీద నెత్తురు. కళ్లు తెరిచి ఉన్నాయి గానీ ఎవరినీ పోల్చుకోవడం లేదు. చేతిలో ఎవరో పెట్టిన ఇనప తాళంచెవుల గుత్తి అలాగే బిగిసి ఉంది. జెస్సీ ఆ వేళ్లు ఒక్కొక్కటే విప్పి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, రూపేష్‌ను బయటికి పంపి తెర లాగింది.

గంటకు మనిషి తేరుకున్నాడు. ఇదే మొదటిసారా అని జెస్సీ అడిగితే అవునన్నాడు. ముందెప్పుడూ లేదా అంటే లేదన్నాడు. మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్న కోమలి తల వంచుకుంది. అతను మళ్లీ మగతలోకి జారాక, ఆమె జెస్సీ వెనకాలే మందుల గది దాకా వచ్చి, అటూ ఇటూ చూసి అసలు సంగతి చెప్పింది. ఇది మూడోసారి. మొదటిది ఉగాదప్పుడు ఇంట్లో. రెండోది నెల కిందట బండిలోనే. అదృష్టం, అప్పటికి పిల్లలందరినీ దించేసి బండి పక్కకు ఆపుకుని ఉన్నాడు. నుదుటి మీద స్టీరింగు అచ్చు చూసి తాను నిలదీస్తే అప్పుడు ఒప్పుకున్నాడు.

"రాయొద్దు సిస్టర్. నీకు సెప్పినాను, నీ కడుపులో పెట్టుకో," అంది.

"డాక్టరుకు దాచేదానికి లేదు కోమలీ," అంది జెస్సీ. "మందు ఎంత ఇయ్యాలో దీన్ని బట్టే ఉంటాది. ఆయనకు చెప్తాను, కేస్ షీట్‌లో రాస్తాను. ఆసుపత్రి దాటి మాత్రం నా నోట రాదు."

ఆ వారమంతా ఆమెను కాల్చింది ఆ చివరి మాటే.

డాక్టర్ సుబ్రమణ్యం పెద్దమనిషి, తొందరపడడు. సోమవారం ఉదయం గిరి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఒక చంటిబిడ్డకు చెప్పినట్టు చెప్పాడు. మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. నిద్ర చెడగొట్టుకోకూడదు. బావి దగ్గరికి, మిద్దె మీదికి ఒంటరిగా పోకూడదు. కనీసం ఏడాది పాటు ఒక్కసారి కూడా ఫిట్స్ రాకుండా గడిస్తే అప్పుడు స్టీరింగు సంగతి చూద్దాం, అంతదాకా బండి ముట్టుకోవద్దు. గిరి ప్రతిదానికీ తల ఊపాడు. ఆరోజు బండిని కోమలి తమ్ముడు ప్రతాప్ తోలాడట. టమోటా లోడ్లు తోలే కుర్రవాడు, ఒక్కరోజు పని మానుకుని వచ్చాడు. సాయంత్రం గిరి ఇంటికి పోయాడు.

మంగళవారం పొద్దున ఏడూ ముప్పావుకు జెస్సీ డ్యూటీకి నడిచి పోతూ మెయిన్ రోడ్డు దాటబోయి ఆగింది. ఎదురుగా గిరి బండి. స్టీరింగు దగ్గర గిరి. వెనక కిటికీలోంచి లోహిత చెయ్యి బయట పెట్టి, పెద్దమ్మా అని అరిచింది. బండి రోడ్డుకు అడ్డంగా తిరిగి, బెంగుళూరు వైపు పోయే లారీ ముందు నుంచి అవతలికి దాటి పోయింది.

జెస్సీ అక్కడే నిలబడిపోయింది. స్కూలుకు ఆరు కిలోమీటర్లు. అందులో నాలుగు ఈ పెద్ద రోడ్డు మీదే. తొమ్మిది కాకముందే ఏదో వంక పెట్టి జయంతికి ఫోన్ చేసి, పాప స్కూలు చేరిందా అని అడిగింది. చేరకేమి, రోజూ పోయేదే గదా అంది జయంతి. ఆ పూట జెస్సీ ఒకామెకు రెండుసార్లు బీపీ చూసింది, రెండుసార్లూ అంకె గుర్తులేక మూడోసారి చూసింది. బయట ఏ బండి గట్టిగా హారన్ కొట్టినా చేతిలో పని ఆగిపోయేది.

డాక్టరుకు చెప్పాలి. కానీ మంగళ, బుధవారాలు ఆయన చిత్తూరు క్లినిక్‌లో ఉంటాడు. ఫోన్ చేయొచ్చు. రెండుసార్లు నంబరు తీసింది, పెట్టేసింది. ఆయన చెప్పవలసింది చెప్పాడు కదా, రోగి వినకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు అనుకుంది. ఊరుకుంటే పిల్లలు. చెప్తే గిరి కుటుంబం. ఎటు తిరిగినా తాయమ్మ తోమి తెచ్చిన క్యారియరు కళ్ల ముందుకొచ్చేది. మధ్యాహ్నం ఫైల్లోంచి గిరి నంబరు తీసుకుని, మందులు వేసుకుంటున్నావా అని అడగడానికి చేసింది. అతను ఎత్తలేదు.

సాయంత్రం జయంతి ఇంటికి పోయి, నోటికొచ్చిన అబద్ధం ఒకటి చెప్పింది. స్కూలు బండ్లలో పిల్లలకు కండ్లకలక అంటుకుంటూ ఉంది, వారం రోజులు పాపను మరిది బైకు మీద దించి రమ్మను అంది. జయంతి మొగుడు సరేనన్నాడు. జెస్సీ ఇంటికొచ్చి రెండు పూటల ఆకలి కలిపి సంగటి తినింది.

బుధవారం పొద్దున అదే చోట, అదే వేళకు బండి ఎదురైంది. లోహిత కూర్చునే చోట ఎవరో చిన్న పిల్ల, రెండు జడలు, అద్దానికి తల ఆనించి నిద్రపోతూ ఉంది. పద్నాలుగు మందిలో ఒకరు తగ్గారు. పదమూడు మంది ఉన్నారు. తన బిడ్డను దించుకుని మిగతా తల్లుల బిడ్డలను బండిలో వదిలేసిందని జెస్సీకి అప్పుడు తెలిసొచ్చింది. నిన్న రాత్రి అంత నెమ్మదిగా నిద్ర ఎలా పట్టిందా అని తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆరోజు కూడా డాక్టరుకు ఫోన్ చేయలేదు. రేపు వస్తాడుగా అనుకుంది. లోహిత బండిలో ఉండి ఉంటే రేపటిదాకా ఆగేదా? ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. అందుకే దాన్ని దగ్గరికి రానీలేదు.

జయంతి తెలివిగలది. అబద్ధం ఒక్క రోజు కూడా నిలవలేదు. పక్క వీధిలో బండికి పంపే ఇంకో తల్లికి కండ్లకలక సంగతి చెప్తే, ఆమె మా బండిలో ఎవరికీ కండ్లు ఎర్రగా లేవే అంది. ఆ మాటల్లోనే ఆదివారం గిరిని ఆసుపత్రికి మోసుకుపోయినట్టు రూపేష్ ఎవరికో చెప్పాడన్నది బయటపడింది. బుధవారం సాయంత్రం జయంతి నేరుగా జెస్సీ ఇంటికే వచ్చింది.

"గిరికి ఏమైందక్కా?"

"ఏమైందో నాకేం తెలుసు."

"ఆదివారం నీ డ్యూటీనే గదా. నా బిడ్డను బండి ఎక్కనియ్యకుండా చేసినావు. ఊరికే చెయ్యవు నువ్వు. తాగి పడిపోయినాడా?"

జెస్సీ పొయ్యి మీది పాలు చూస్తున్నట్టు అటు తిరిగింది. అవునంటే అబద్ధం. కాదంటే, మరి ఏమిటని తర్వాతి ప్రశ్న. ఆసుపత్రి సంగతులు నన్నడగొద్దని ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది.

"సరేలే. నువ్వు చెప్పకున్నా అర్థమైంది," అని జయంతి చెప్పులేసుకుంది.

వెళ్తున్న చెల్లెలిని పిలిచి, నువ్వనుకునేది కాదు అని చెప్పాలని జెస్సీ గడప దాకా వచ్చింది. చెప్పలేకపోయింది. కాదన్నా చెప్పినట్టే అవుతుంది. ఆ సాయంత్రం సుకుమార్ ఫోన్ చేసి, గొంతు అలా ఉందేమని అడిగాడు. ఒళ్లు నొప్పులంది. భర్తకు కూడా చెప్పుకోలేని భారం అంత బరువుంటుందని ఆమెకు ఇదివరకు తెలియదు.

గురువారం పొద్దున బండిలో పిల్లలు ఇంకా తగ్గారు. ముగ్గురు తల్లులు పంపలేదు. తొమ్మిదిన్నరకు కోమలి ఆసుపత్రికి వచ్చింది. తాగేనీళ్ల ఫిల్టరు దగ్గర జెస్సీ ఒంటరిగా ఉండటం చూసి దగ్గరకొచ్చింది. అరవలేదు, గొంతు కూడా పెంచలేదు.

"ఆసుపత్రి దాటదని సెప్పినావే సిస్టర్."

"నేను ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు కోమలీ. దేవుని తోడు."

"మీ సెల్లెలి బిడ్డ బండి ఎక్కడం లేదు గదా. ఏంటికి ఎక్కడం లేదని అందురూ అడగరా? సెప్పకుండానే సెప్పినావు. మా ఆయన తాగుబోతంట. బొట్టు నోట పెట్టి ఎరగడు."

ఈ పూట బండి ఎవరు తోలతారని మాత్రం జెస్సీ అడిగింది. ఆయనే అంది కోమలి. తమ్ముడు కోలారుకు లోడు వేసుకుని పోయినాడు, సాయంత్రానికి గానీ రాడు. నేను కాళ్లు పట్టుకున్నా ఈయన ఇనడం లేదు అంది. అంటూనే గోడ మీది గడియారం వైపు చూసింది. కోపంతో వచ్చిన మనిషి లోపల తనలాగే మూడు రోజులుగా గడియారం చూస్తూ ఉందని జెస్సీకి అర్థమైంది.

అప్పుడిక ఆగలేదు. కోమలిని బెంచీ మీద కూర్చోబెట్టి, హెడ్ నర్స్ దేవకమ్మ దగ్గరికి పోయి జరిగిందంతా దాచకుండా చెప్పేసింది. దేవకమ్మ రేపోమాపో రిటైరు కావలసిన మనిషి. విన్నంతసేపూ కలం మూత తీస్తూ పెడుతూ ఉంది.

"మంగళవారమే నాతో చెప్పి ఉండాల్సింది," అంది చివరికి. "నువ్వు నోరు మూసుకోవాల్సింది ఊరి దగ్గర. మా దగ్గర కాదు. రెండిటికీ తేడా తెలీకనా ఇన్నేళ్లు చేసినావు?"

జెస్సీ తెలుసంది.

"తెలిసే, నీ పాపను మాత్రం దించుకున్నావు."

దేవకమ్మే ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు గదికి తీసుకుపోయింది. సుబ్రమణ్యం అంతా విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. రోగి సంగతి రోగిదే, దాన్ని మనం ఊరికి పంచేదానికి లేదు అన్నాడు. కానీ పదిమంది చిన్నపిల్లల ప్రాణం మీదికి వచ్చేదాన్ని చూస్తూ కూర్చునేదానికీ లేదు అన్నాడు. ముందు అతన్ని పిలిచి, అతనే ఆపుకునేదానికి ఒక అవకాశం ఇద్దాం. ఆపకపోతే స్కూలుకు నేను ఉత్తరం రాస్తాను, నువ్వు కాదు. అందులో జబ్బు పేరుండదు. ప్రస్తుతానికి ఇతను బండి తోలేదానికి వైద్యపరంగా తగడు, అంతే. రాస్తున్నానని అతనికి చెప్పి మరీ రాస్తాను.

గిరి ఫోన్ ఎత్తలేదు. కోమలి ఫోన్ నుంచి చేస్తే ఎత్తాడు. సాయంత్రం పిల్లలను దించేసి వస్తానన్నాడు. ఈ పూట తోలొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పేలోపే పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్. అతన్ని వెతికి ఆపమని, స్కూలు దగ్గరే పట్టుకోమని కోమలిని పంపించారు.

స్కూలు వదిలేది మూడున్నరకు. పిల్లలందరూ ఇళ్లు చేరేసరికి ఐదవుతుంది. ఆ గంటన్నర జెస్సీ జీవితంలో అన్నిటికన్నా పొడుగు గంటన్నర. కోమలికి ఫోన్ చేస్తే కలవలేదు. ఇంజెక్షన్ ట్రే సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది. ఎవరి కేస్ షీట్ తీసినా అక్షరాలు కళ్ల ముందు నిలవడం లేదు. నాలుగున్నర దాటాక బెంగుళూరు రోడ్డు వైపు నుంచి 108 సైరన్ వినబడింది. అది దగ్గరవుతూ వచ్చి ఆసుపత్రి గేటులోకే తిరిగింది. ఆమె చేతిలోని ట్రే అక్కడే పెట్టేసి పరుగెత్తి తలుపు దగ్గరికి పోయింది. స్ట్రెచర్ మీద ఒక ముసలాయన. ఆవుల కొట్టంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆయన నొప్పితో మూలుగుతుంటే, వచ్చింది పిల్లలు కానందుకు తన మనసు తేలికపడటం జెస్సీకి తెలుస్తూనే ఉంది. సిగ్గుపడే తీరిక కూడా లేక పట్టుకుని లోపలికి తోసింది.

ఐదుంబావుకు గిరి బండి గేటు ముందు ఆగింది. పక్క సీట్లో కోమలి ఉంది. స్కూలు దగ్గర అందరి ముందూ ఏమీ అనలేక, బండి ఎక్కి పక్కనే కూర్చుని వచ్చిందట.

డాక్టరు గదిలో తలుపు వేసుకుని ఐదుగురూ కూర్చున్నారు. గిరి ముఖం మాడిపోయి ఉంది. డాక్టరు మాట్లాడేలోపే జెస్సీ తనంతట తాను లేచి నిలబడింది.

"గిరన్నా, నీ సంగతి నా నోట రాలేదు. కానీ నా చెల్లెలి బిడ్డను బండిలోంచి దించేసినాను. దానికి అబద్ధం చెప్పినాను. ఊళ్లో వచ్చిన మాట దానివల్లే వచ్చింది. నువ్వు తాగుతావని అనుకుంటా ఉండారు. అది నా తప్పు."

గిరి ఆమెను చూశాడు. తిడతాడనుకుంది.

"అట్లనే అనుకోనీ సిస్టర్," అన్నాడు. "తాగుబోతంటే రేపు మానేసినాడంటారు. మూర్ఛ అంటే సచ్చిందాకా మూర్ఛోడే. నా బిడ్డను కూడా మూర్ఛోని కూతురంటారు. ఆ పేరు మాత్రం రానియ్యొద్దు."

ఆ పేరు ఈ గది దాటదని డాక్టరు చెప్పాడు. ఉత్తరం సంగతీ చెప్పాడు. నువ్వు ఈ రోజే ఆపితే ఆ ఉత్తరం కూడా ఉండదన్నాడు. గిరి చేతులు నలుపుకుంటూ, నాకు మాత్రం భయం లేదా సార్ అన్నాడు. భయం ఉండబట్టే జాగ్రత్త పడుతున్నానన్నాడు. ఏం జాగ్రత్త అని డాక్టరు అడిగాడు.

"నా కూతురు అయిదో తరగతి సార్. దాన్ని ముందు సీట్లో కూర్సోబెట్టుకుంటాను. నాకేమన్నా అయితే హ్యాండ్ బ్రేకు లాగమని నేర్పించినాను. ఖాళీ రోడ్డు మీద రెండుసార్లు లాగించి సూసినాను."

కోమలికి ఈ సంగతి తెలియదు. ఆమె భర్త వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట తన నోటి నుంచి బయటికొచ్చాక గిరికి తనకే వినబడినట్టుంది. అతని తల మెల్లగా కిందికి వంగింది. పదేళ్ల పిల్ల ఆ సీట్లో కూర్చుని, దారి పొడుగునా నాయన ముఖం వైపు చూస్తూ, బ్రేకు మీద చెయ్యి పెట్టుకుని పోవడం జెస్సీ కళ్లకు కట్టింది. ఆ వారం తాను పడిన భయం ఆ పిల్ల పడిన దాని ముందు ఏపాటిది.

గిరి జేబులోంచి బండి తాళం తీసి భార్య చేతిలో పెట్టాడు. తమ్ముడు వచ్చినాక ఇయ్యి అన్నాడు. ఇంటికి ఇద్దరూ నడిచి పోయారు. బండి ఆసుపత్రి గేటు దగ్గరే ఉండిపోయింది. చీకటి పడుతుండగా ప్రతాప్ వచ్చి తీసుకుపోయాడు.

ఆ తర్వాత జరిగింది కొంచెమే. ప్రతాప్ టమోటా లోడ్లు మానుకుని స్కూలు బండి తోలడం మొదలుపెట్టాడు. మానిపించిన ముగ్గురు పిల్లల్లో ఒకరు తిరిగి వచ్చారు, ఇద్దరు వేరే బండికి పోయారు. గిరికి మొదటి నెలలో ఇంకో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఒకసారి వీధి కుళాయి దగ్గర బిందె ఎత్తుతూ పడ్డాడు. డాక్టరు మాత్ర మోతాదు పెంచాక మళ్లీ రాలేదు. అతనిప్పుడు పాలకేంద్రంలో పొద్దునా సాయంత్రం వెన్న శాతం చూసి చీటీ రాసే పనిలో ఉన్నాడు. నెలకొకసారి ఆసుపత్రికి వస్తాడు. మాత్రల చీటీ జెస్సీకి ఇస్తాడు, ఆమె తేదీ వేసి ఇస్తుంది. కోమలి మాత్రం చాలాకాలం జెస్సీని బజారులో చూసినా పలకరించలేదు. ఈ మధ్యే తల ఊపడం మొదలుపెట్టింది.

దేవకమ్మ జెస్సీకి మెమో ఇవ్వలేదు. రిటైరయ్యే ముందు చివరి మీటింగులో, పేర్లు లేకుండా, ఒక నర్సు తన బిడ్డను మాత్రం దించుకున్న కథ చిన్న నర్సులకు చెప్పింది. జెస్సీ వెనక వరుసలో కూర్చుని వినింది.

పోయిన నెల లోహిత పుట్టినరోజుకు జయంతి ఇంట్లో భోజనాలు. సుకుమార్ కూడా సెలవు పెట్టుకుని వచ్చాడు. మాటల్లో బండ్ల సంగతి వచ్చింది. జయంతి అప్పడాలు వడ్డిస్తూ, తాగి తాగి గిరి బండి పోగొట్టుకున్నాడు, మా అక్క ముందే కనిపెట్టి నా బిడ్డను కాపాడింది అని వచ్చిన వాళ్లందరి ముందూ గొప్పగా చెప్పింది. ఎవరో అవునా అంటూ జెస్సీ వైపు తిరిగారు.

అతను తాగడు అనే మాట జెస్సీ నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క మాట చెప్తే, మరి ఏమిటని అడుగుతారు. గిరి తనకు అప్పగించింది ఒక నిజాన్నే కాదు, దాని మీద కప్పమని ఒక అబద్ధాన్ని కూడా.

"నేనేమీ చెప్పలేదే," అంది.

"చెప్పలేదులే, నువ్వెప్పుడు చెప్పినావు గనక," అని జయంతి నవ్వింది. అందరూ నవ్వారు. సుకుమార్ ఒక్కడే నవ్వకుండా భార్య ముఖం వైపు కొంచెంసేపు చూసి, ఏమీ అడగకుండా చారు గిన్నె ఆమె వైపు జరిపాడు.